సంస్కృతం తీసేస్తే ఎన్ని?

మా దివ్యశ్రీ ఇంజనీరింగ్ మానేస్తానని ముసుగు తన్ని పడుకున్న వారంలో, నేను దాని మెమోలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రాజనర్సయ్యన్న జిరాక్స్ షాపుకి వెళ్ళాను.

"అన్నా, ఒక్కసారి ఇవి చూసి చెప్పు. పిల్లకు చదువు వస్తదా, రాదా? రాదంటే ఇయాల్నే మాన్పిస్త. ఊకె గోస ఎందుకు?" అన్నాను.

ఆయన కవరు ముట్టుకోలేదు. మిషన్ అద్దం తుడుస్తూనే, "మెమోలు జూసుడు నేను బంద్ వెట్టి పదేండ్లాయె చెల్లె. నీకెరికేనాయె" అన్నాడు.

ఎరికే. ఎందుకు బంద్ పెట్టాడో కూడా నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. ఆయన 'వద్దు' అంటే నా కూతురి చదువు అక్కడితో ఆగిపోయేది. ఆయన మాట మీద నాకు అంత గురి. ఆ గురి ఎందుకో మీకు తెలియాలంటే ముందు ఆ మనిషి గురించి చెప్పాలి.

నేను 2003లో అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, ఆయన షాపు పక్కనున్న మెట్ల కింద కుట్టుమిషన్ వేసుకున్నాను. చీరలకు ఫాల్ కుట్టడం, పీకో చేయడం, పిల్లల బ్యాగులకు తెగిన జిప్పులు వేయడం నా పని. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. మెమో అనే కాగితాన్ని మొట్టమొదట చూసింది ఆ మెట్ల కిందే. రోజుకు వందల మెమోలు నా కళ్ళ ముందు నుంచే పోయేవి.

ఆ సందు అప్పుడు ఎలా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ ముక్కుకి వేడి కాగితం వాసన తగులుతుంది. తల పైకెత్తితే ఆకాశం కనబడేది కాదు, అన్నీ కోచింగ్ బోర్డులే. నాలుగడుగులు వేసేసరికి చేతిలో పది పాంప్లెట్లు. నేను వాటిని మడిచి సూదులు గుచ్చుకునేదాన్ని. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి పిల్లలు తడితల ఆరకుండానే, ఒరిజినల్స్ ఉన్న ఫైలు గుండెకు హత్తుకుని వచ్చేవాళ్ళు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాళ్ళు దాన్ని. వాన పడితే చొక్కా విప్పి ఫైలుకి కప్పిన పిల్లాణ్ణి చూశాను. ఎక్కడెక్కడి వాళ్ళో, భీమవరం, నిజామాబాద్, ఒంగోలు, అందరూ ఆ పది అడుగుల షాపు ముందు వరసలో నిలబడేవాళ్ళు. ఇప్పుడు అందరివీ ఫోన్లోనే ఉంటున్నాయి కదా, ఎవరు నిలబడతారు? పోయిన ఏడాది ఆయన షాపు ఖాళీ చేశాడు. అక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. రాజనర్సయ్యన్న యూసుఫ్‌గూడలో ఇంటిపట్టున ఉంటున్నాడు. మిషన్ అమ్మేశాడు గానీ దాని మూత మీద కప్పే గుడ్డ మాత్రం తెచ్చుకున్నాడు. అది నేను కుట్టిచ్చిందే.

సన్నటి మనిషి. కుడి బొటనవేలు ఎప్పుడూ నల్లగా ఉండేది. కళ్ళద్దాలకు దారం కట్టి మెళ్ళో వేసుకునేవాడు. ఒరిజినల్‌కి పిన్ను కొట్టిన వాళ్ళను చూస్తే ఆయనకు మండిపోయేది. "పిల్లకు చెవులు గుట్టిచ్చినవా ఏంది?" అని తిట్టేవాడు. మెమో చేతికి రాగానే మిషన్‌లో పెట్టేవాడు కాదు. అద్దాలు పెట్టుకుని, కింది నుంచి పైకి వేలుతో చదివేవాడు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న.

ఒకసారి వచ్చిన పిల్లాడు ఇప్పటికీ కళ్ళ ముందున్నాడు. కోస్తా నుంచి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా.

"ఎన్నొచ్చినయ్ తమ్ముడూ?"

"తొమ్మిది వందల డెబ్బై ఒకటండీ" అన్నాడు ఆ అబ్బాయి, వెనక వరసకు కూడా వినబడేలా.

"సంస్కృతం తీసేస్తే ఎన్ని?"

"తీసేయడం ఏంటండీ?"

"నీకు సంస్కృతం వస్తదా మరి? 'నాకు ఆకలైతుంది' అను, సంస్కృతంల."

అబ్బాయి తల గోక్కున్నాడు. వరసంతా గొల్లుమంది.

"చూస్తివా! గా తొంభై ఎనిమిదీ నీయి గావు. పక్కకు వెట్టు. ప్రాక్టికల్స్ సుత తీసెయ్, గవి అందరికి ఏస్తరు. ఇగ మిగిలింది నువ్వు."

ఇంటర్‌లో తెలుగు బదులు సంస్కృతం తీసుకుంటే మార్కులు పడతాయని సగం మంది అదే తీసుకునేవాళ్ళు. ఒక్క ముక్క మాట్లాడటం రాకపోయినా తొంభై ఎనిమిది వచ్చేవి. అందుకే ఆయన లెక్క అలా ఉండేది. అన్నీ తీసేశాక మిగిలిన వాటిని చూసి చెప్పేవాడు. "నీకు కాలేజీల ఫికర్ లేదు, పో" అని కొందరికి. "ఫిజిక్స్ జర పైలం" అని కొందరికి. "గీ ఇంజనీరింగ్ నీకు ఎందుకు, బీకాం చేస్కో" అని కొందరికి. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళలో కొందరు డిగ్రీ పట్టా జిరాక్స్‌కి వచ్చి, "అన్నా, నువ్వు చెప్పినట్టే అయింది" అనేవాళ్ళు. ఆ మాట సందంతా పాకింది. రానురాను జిరాక్స్ అవసరం లేని వాళ్ళు కూడా, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి మెమో చేతిలో పెట్టేవాళ్ళు. నాలాంటి వాళ్ళకి ఆయన డాక్టర్ కంటే ఎక్కువ.

మరి ఆయన చదువెంత? టెన్త్ ఫెయిల్. అది ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. "మూడుసార్లు దండయాత్ర జేసిన చెల్లె, లెక్కలు లొంగలె" అని. ఊరు సిద్దిపేట వైపు. ఏడో తరగతి పరీక్షల్లో మండలంలోనే ఫస్ట్ వచ్చాడట, సార్లు భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పారట. టెన్త్ దెబ్బతిన్నాక బస్సెక్కి పట్నం వచ్చాడు. పంజాగుట్టలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఊడవడానికి, నీళ్ళు పట్టడానికి చేరాడు. ఇరవై టైపు మిషన్లు ఒక్కసారి కొడుతుంటే రేకుల మీద వడగళ్ళ వాన పడ్డట్టు ఉండేదట. మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్ళినప్పుడు ఖాళీ మిషన్ ముందు కూర్చుని తన పేరు కొట్టుకునేవాడట. అక్కడే స్టెన్సిల్ కాగితం మీద సిరా రోలర్ తిప్పి కాపీలు తీయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ జిరాక్స్ మిషన్‌తో అమీర్‌పేటకు వచ్చాడు. ఈ కథలన్నీ కరెంటు పోయినప్పుడు చెప్పేవాడు. అప్పట్లో కరెంటు బాగా పోయేది కాబట్టి నాకన్నీ తెలుసు.

2008 అనుకుంటా. పంజాగుట్టలో కళ్ళజోళ్ళ షాపున్న వీరవెంకటసత్యనారాయణ గారు కొడుకు భార్గవ్‌ను తీసుకుని వచ్చారు. పేరు పొడుగని మేమంతా ఆయన్ని సత్యంగారు అనేవాళ్ళం. పిల్లాడికి ఏదో ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. మర్నాడు సర్టిఫికెట్లు చూపించాలి.

"ఏంటండీ రాజనర్సయ్యగారూ, ఊళ్ళో వాళ్ళందరివీ చూస్తారు, మావాడిది కూడా కాస్త చూసి చెబుదురూ" అన్నారు సత్యంగారు.

రాజనర్సయ్యన్న వేలు పెట్టి చదివాడు. వెయ్యికి ఐదు వందల నలభై ఎనిమిది. సంస్కృతం తీసేస్తే ఇంక చెప్పక్కర్లేదు. ఆయన పిల్లాడి మొహం కూడా చూడలేదు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. లెక్కలల్ల గట్టెక్కిండు గంతే. ఇంజనీరింగ్ల ఏస్తే నాలుగేండ్లది ఎనిమిదేండ్లయితది. దుకాణంల కూసోవెట్టుకోండ్రి, హాయిగుంటడు."

పిల్లాడు ఏదో అనబోయాడు. సత్యంగారు "నువ్వు ఆగరా" అన్నారు. తీసిన జిరాక్స్‌లు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు.

ఆరేళ్ళు గడిచాయి. ఒక పొద్దున గడ్డం పెంచిన కుర్రాడొకడు వచ్చి మెమో ఇచ్చాడు. ఎమ్మెస్సీ లెక్కలు, డిస్టింక్షన్. రాజనర్సయ్యన్న అలవాటుగా చదివి, "శభాష్! తమ్ముడు మస్తు దిట్ట ఉన్నడు" అన్నాడు.

"నన్ను గుర్తుపట్టలేదా అన్నా? కళ్ళజోళ్ళ సత్యంగారి అబ్బాయిని. భార్గవ్‌ని."

రాజనర్సయ్యన్న చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. నేను మిషన్ తొక్కడం ఆపేశాను.

"దుకాణంలో కూర్చునే ఓపెన్ డిగ్రీ చేశానండీ. తర్వాత ఎమ్మెస్సీ. మొన్న లెక్చరర్ ఉద్యోగం వచ్చింది" అన్నాడు భార్గవ్.

"మరి ఇంటర్ల గట్లెందుకైంది?" అన్నాడు రాజనర్సయ్యన్న.

"అమ్మకి ఒంట్లో బాగాలేక ఏడాదంతా నిమ్స్ ఆసుపత్రిలోనే ఉందండీ. నాన్న షాపు చూసుకోవాలి, నేను అమ్మ దగ్గర. అక్కడ వరండాలో చదివి వెళ్ళి రాశాను. మెమోలో మార్కులే పడతాయి కదన్నా, అవన్నీ పడవు."

"అయ్యో కొడకా..."

"కోపం లేదండీ. అమ్మ బాగుంది, నేనూ బాగానే ఉన్నాను. కానీ ఆ రోజు మీరు ఒక్క మాట నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి."

అంతే అని జిరాక్స్ తీసుకుని వెళ్ళాడు. వెళ్తూ నమస్కారం కూడా పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు రాజనర్సయ్యన్న అన్నం తినలేదు. మర్నాడు అటక మీది నుంచి గోనెసంచి దింపాడు. మసకగా వచ్చిన కాపీలు, వంకరగా వచ్చినవి అన్నీ అందులో పడేసేవాడు, వెనక వైపు రాసుకోవడానికి పనికొస్తాయని. అందులో ఏళ్ళ కిందటి మెమోలున్నాయి. ఎవరికి ఏం చెప్పాడో చాలావరకు ఆయనకు గుర్తే. ఆ పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. పాత పిల్లలు వస్తే, "తమ్ముడూ, కాలేజీ ఎట్ల నడిసింది?" అని అడిగేవాడు. రాని వాళ్ళ గురించి వాళ్ళ స్నేహితుల్ని అడిగేవాడు. ఇంకెవరైనా అయితే సిగ్గుపడి ఊరుకునేవారు. ఈయన ఐదు నెలలు అదే పని మీద ఉండి అరవై మూడు మంది సంగతి తెలుసుకున్నాడు.

"నువ్వు చెప్పినయ్ ఎన్ని నిజమైనయన్నా?" అని అడిగాను ఒకరోజు చాయ్ తాగుతూ.

"పైనున్నోళ్ళ గురించి చెప్పినయ్ చాన నిజమైనయ్. గవి నేను చెప్పకున్నా అయితుండె. మంచిగ చదివినోడు మంచిగనే చదువుతడు, గండ్ల నా గొప్పేముంది?" పేజీ తిప్పాడు. "కిందున్నోళ్ళ ముచ్చట జూడు. సగానికి సగం తప్పు. బొమ్మా బొరుసా ఏసి చెప్పినా గన్నే నిజమైతుండె చెల్లె. ఎంతమందిని ఆపిన్నో!"

ఆ నోటుబుక్కులో ఇంకొకటి కూడా తేలింది. పై మార్కుల వాళ్ళలో ఆరుగురు కాలేజీలో మధ్యలోనే వదిలేశారు. "గీళ్ళు ముందెన్నడు ఫెయిల్ కాలె. ఒక్కసారి అయిన్రు, ఇగ కాలేజీ మొఖం జూడలె. కింది మార్కులోళ్ళేమో సప్లీలు రాసీ రాసీ అలవాటైన్రు. ఫెయిలైతే మర్నాడే లైన్ల నిలవడ్డరు" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన మెమో చదవడం మానేశాడు. ఎవరు వచ్చినా, "నువ్వే బోర్ల వెట్టు తమ్ముడూ" అని మిషన్ మూత ఎత్తి పట్టుకునేవాడు. కాగితం బోర్లా పడ్డాక మూత వేసేవాడు. చూడమని బతిమాలిన వాళ్ళకు, "నాకు నజర్ తగ్గింది" అని చెప్పేవాడు. అది అబద్ధమని నాకొక్కదానికే తెలుసు.

ఇక నా కూతురి సంగతి. దివ్యశ్రీ టెన్త్ చదివింది కరోనాలో. పరీక్షలు పెట్టకుండానే పదికి పది వచ్చాయి. ఆ బ్యాచ్‌లో చాలామందికి అలాగే వచ్చాయి. మేం మాత్రం సందంతా లడ్డూలు పంచాం. ఇంటర్‌లో కూడా మంచి మార్కులే వచ్చాయి. ఇంజనీరింగ్‌లో చేరింది. మొదటి సెమిస్టర్ అయ్యాక, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను రొట్టెలు చేస్తుంటే వచ్చి నిలబడింది.

"అమ్మా... మూడు బ్యాక్‌లాగ్‌లమ్మా" అంది నెమ్మదిగా.

నాకు వినబడింది 'బ్యాగ్ లాక్‌లు' అని. హాస్టల్ పిల్లల బ్యాగులకు జిప్పులు వేసే దాన్ని కదా, వాళ్ళ జిప్పులకు చిన్న చిన్న తాళాలుంటాయి. కాలేజీలో సామాన్లు పోతున్నాయేమో అనుకున్నాను.

"ఎప్పటికి గావాలె?" అన్నాను.

పిల్ల నా వైపు అదోలా చూసింది. "జూన్ వరకు... తీసెయ్యాలె" అంది.

"గంతదానికి మొఖం అట్ల వెట్టినవేందే? నేను తెస్త గద, పో!"

మర్నాడు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద బేరమాడి మూడు ఇత్తడి తాళాలు కొన్నాను. తేలిగ్గా పట్టుకునేలా తాళంచెవులకు మూడు రంగుల దారాలు కట్టి, గొప్పగా రాజనర్సయ్యన్నకు చూపించాను.

"ఏందియి చెల్లె?"

"పిల్లకు కాలేజీల మూడు బ్యాగ్ లాక్‌లు గావాల్నటన్నా."

"మూడు బ్యాగులేంది? కాలేజీకి పోతుందా, కాశీకి పోతుందా?" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "పిల్ల ఏమన్నదో ఉన్నదున్నట్టు జెప్పు."

చెప్పాను. ఆయన అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"చెల్లె, గవి తాళాలు గావు. పిల్ల మూడు సబ్జెక్టులు ఫెయిలైంది. గదే నీకు చెప్పుకోను వచ్చింది."

నా బిడ్డ ఎంత భయపడుతూ వచ్చి చెప్పిందో, నేనేమో 'నేను తెస్త పో' అన్నాను. ఇంటికి వెళ్ళేసరికి పిల్ల నా చేతిలో తాళాలు చూసింది. ముందు నవ్వింది, ఆ నవ్వే ఏడుపైంది. "నాది కరోనా టెన్ అమ్మా. క్లాసుల అందరు గదే అంటున్నరు. గా మార్కులు నాయి గావు. నాకు చదువు రాదు. నేను పోను" అని పడుకుంది. వారం దాకా లేవలేదు. సప్లీ ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరు రోజు. నేను కవరు పట్టుకుని రాజనర్సయ్యన్న దగ్గరికి వెళ్ళింది శనివారం.

కవరు ముట్టుకోలేదని చెప్పాను కదా. కాసేపు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత మిషన్ స్విచ్ ఆపాడు. మిట్టమధ్యాహ్నం, వరసలో ముగ్గురు ఉండగా, షట్టర్ దించాడు. ఇరవై ఏళ్ళలో ఆయన అలా చేయడం నేను చూడలేదు.

"పా చెల్లె, ఇంటికి. మెమోను గాదు, పిల్లను అడుగుదాం" అన్నాడు.

యూసుఫ్‌గూడలో మా రెండు గదుల్లో పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన కింద చాప మీద కూర్చున్నాడు.

"లే బిడ్డా. నీళ్ళన్న ఇయ్యవా మామకు?"

లేచి నీళ్ళిచ్చింది. "నా మెమోలు చూస్తానికొచ్చినవా మామా?" అంది.

"చూడ. నాకు మెమో చదువుడు రాదని పదేండ్ల కిందనే తెలిసింది. నువ్వే జెప్పు. పరీక్షల ఏమైంది?"

ఆయన తొందరపెట్టలేదు. నేను మధ్యలో నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపాడు.

"ప్రశ్నలే సమజ్ గాలె మామా" అంది చివరికి. "లెక్క చేసిన, జవాబు వచ్చింది. కింద 'జస్టిఫై' అని ఉంది. గంటే ఏం రాయాల్నో తెల్వలె. ఇంటర్ దాక తెలుగు మీడియమే గద. సార్‌ను అడుగుదామంటే ఇంగ్లీషుల అడగాలె. నవ్వుతరని అడగలె."

"మరి పదిల ఇంగ్లీషు ఎట్ల చెప్పిన్రు?"

"ఫోన్ల చెప్పిన్రు."

"విన్నవా?"

పిల్ల నా వైపు చూసి తల దించుకుంది. "ఫోన్ అమ్మతాన ఉంటుండె."

నిజమే. ఆ రోజుల్లో నేను మాస్కులు కుట్టేదాన్ని. ఆర్డర్లన్నీ ఫోన్లోనే. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, పొద్దున్నే నా సంచిలో వేసుకుని వెళ్ళిపోయేదాన్ని. 'టీవీల పాఠాలొస్తయ్ చూడు' అని చెప్పి వెళ్ళేదాన్ని. పదికి పది రాగానే ఆ సంగతే మరిచిపోయాను. ఆ కవర్లోని ఏ మెమోలోనూ అది రాసి లేదు.

"ఇంటర్ల ఎన్నొచ్చినయ్?" అన్నాడు ఆయన.

"తొమ్మిది వందల ముప్పై ఆరు." వారం తర్వాత మొదటిసారి దాని మొహంలో కొంచెం నవ్వు కనబడింది. "సంస్కృతం తీయకు మామా. నేను తెలుగే తీస్కున్న."

"అబ్బో!" అన్నాడు. "పదికి పది ఉట్టిగ వచ్చినయనుకుందాం. మరి గీ తొమ్మిది వందలు ఎవరు రాసిన్రు?"

"నువ్వు సుత మూడుసార్లు రాసి ఇడిసిపెట్టినవ్ గద మామా. నేను ఒక్కసారికే ఇడుస్తున్న. గంతే ఫరక్" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"మూడుసార్లు గాదు బిడ్డా. ఒక్కసారే."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఇరవై ఏళ్ళుగా మూడుసార్లనే విన్నాను మరి.

"లెక్కలల్ల ఇరవై ఎనిమిదొచ్చినయ్. ముప్పై ఐదు గావాలె. మా లెక్కల సారు ఇంటికొచ్చి, 'మళ్ళ రాయరా, నేను చెప్త' అన్నడు. నన్ను భుజాల మీద మోసింది గా సారే. మళ్ళ రాసి మళ్ళ పోతే గా సారు ముందట ఎట్ల నిలవడుదు? గా భయానికి తెల్లారి బస్సెక్కిన. ఇక్కడికొచ్చినంక మూడుసార్లు రాసిన్నని చెప్పుకున్న. మూడుసార్లు రాసినోణ్ణి జనం నవ్వినా మర్యాదిస్తరు. ఒక్కసారికే పారిపోయినోణ్ణి ఏమంటరు?"

బయట కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"ముప్పై ఐదేండ్లాయె, మంది మెమోలు జూసుకుంట కూసున్న. గా ఏడు మార్కులు నాకు వస్తుండెనో రాకపోతుండెనో, ఇప్పటికి నాకు తెల్వదు బిడ్డా. ఎన్నటికి తెల్వదు. నువ్వు పాసైతవని నేను చెప్ప. రాస్తవా, లేదా? గదే అడుగొచ్చిన."

పిల్ల లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. పంపు చాలాసేపు వదిలే ఉంచింది. తిరిగి వచ్చాక తువ్వాల్లోంచే అడిగింది, "జస్టిఫై అంటే ఎవరు చెప్తరు మామా?"

ఆయన ఫోన్ తీశాడు. ఎవరికి చేయాలో ఆయనకు తెలుసు, చేయడానికి మాత్రం మనసు గట్టి చేసుకోవాల్సి వచ్చింది. పదేళ్ళుగా అప్పుడప్పుడూ పలకరింపులే గానీ భార్గవ్‌ను ఏదీ అడగలేదు ఆయన. "సార్..." అన్నాడు. ఆ కుర్రాణ్ణి 'సార్' అనడం అప్పుడే విన్నాను. "జర మా పిల్లకు సాయం గావాలె సార్."

"సార్ ఏంటన్నా మీరు మరీను!" అని అవతలి నుంచి గట్టిగా వినబడింది. విషయం విని, పిల్లకు ఫోన్ ఇవ్వమన్నాడు. "ఆ జవాబు ఎందుకు అలా వచ్చిందో కారణం రాయమ్మా, అంతే. తెలుగులో ముందు నాకు చెప్పు, తర్వాత ఇంగ్లీషులో రాద్దాం" అన్నాడు.

సోమవారం ఫీజు కట్టింది. ఆదివారాలు పొద్దున్నే షాపు తెరవకముందు భార్గవ్ సార్ వచ్చేవాడు. జిరాక్స్ మిషన్ మూతే బల్ల. రాజనర్సయ్యన్న బయట మెట్ల మీద, నా పక్కన, పేపర్ చదువుతున్నట్టు కూర్చునేవాడు. చదివేవాడు కాదు. లోపలి లెక్కలు వినేవాడు. ఒకసారి భార్గవ్ ఏదో అడిగితే పిల్ల తడబడింది, ఈయన పెదాలు కదిలాయి. నేను చూశానని తెలిసి, "కండ్లు మండుతున్నయ్" అని పేపర్ అడ్డం పెట్టుకున్నాడు.

పరీక్షలు రాసింది. ఫలితాలు వచ్చిన రోజు పిల్ల కాలేజీ నుంచి నేరుగా షాపుకి వచ్చింది. సందులోకి తిరుగుతుండగానే దాని మొహం చూసి నేను లేచి నిలబడ్డాను.

"లెక్కలు పాసైన, డ్రాయింగ్ పాసైన" అంది. "ఫిజిక్స్ మళ్ళ పోయింది. రెండు మార్కులల్ల."

మళ్ళీ ఎక్కడ ముసుగు తంతుందోనని నాకు భయం. రాజనర్సయ్యన్న ఎన్ని మార్కులని అడగలేదు, ఫోన్ చూపించమనీ అనలేదు. గల్లా పెట్టె పక్కన పెన్ను కోసం వెతుక్కుంటూ తల ఎత్తకుండానే అన్నాడు.

"మళ్ళెప్పుడట?"

"డిసెంబర్ల మామా" అంది పిల్ల. అని బ్యాగు స్టూలు మీద పెట్టి, ఫిజిక్స్ పుస్తకం బయటికి తీసింది.